స్టాప్‌వాచీలో మన వాటా

(ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం నాడు గుంటూరులోని ఒక ఉన్నత పాఠశాల ఆవరణలో, తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయుల ఎదుట రిటైరైన పీఈటీ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించు నాయనా. ఆ, చాలు. నేను ముప్పై రెండేళ్ళు విజిలుతో బతికినదాన్ని, మైకుతో అలవాటు లేదు. గొంతు పెద్దదైతే ఏమనుకోవద్దు. గ్రౌండుకి ఆ చివర నిలబడ్డ పిల్లోడికి వినపడాలని అరిచీ అరిచీ ఇట్టా తయారైంది.

ఇవాళ ధ్యాన్‌చంద్ గారి పుట్టినరోజు. ఆయన గురించి పొద్దున ప్రేయరులో పిల్లలే చక్కగా చెప్పారు కాబట్టి నేను మళ్ళీ చెప్పను. హెడ్మాస్టరు గారు నాకిచ్చిన విషయం ‘ఆటల్లో ఆడపిల్లలు మగపిల్లలతో పోటీ పడగలరా’ అని. ఆ ‘పడగలరా’ అన్న ముక్క దగ్గరే నాకు పేచీ. ఎన్నేళ్ళ పిల్ల? ఏ ఆట? నిన్న సాయంత్రం ఆ పిల్ల గ్రౌండులో ఉందా, ఇంట్లో తమ్ముణ్ణి చంకనేసుకుని ఉందా? ఇవేవీ చెప్పకుండా పడగలరా అంటే నేనేం చెప్పను?

ఒక సంగతి చెప్తా. 1990ల్లో నేను గుంటూరుకి దగ్గర్లోనే ఒక పల్లెటూరి హైస్కూల్లో పనిచేసేదాన్ని. నల్లరేగడి నేల. వానొస్తే గ్రౌండంతా కాళ్ళకి అంటుకుని వచ్చేసేది, ఎండితే అరికాలు పట్టేంత నెర్రెలు. వార్షికోత్సవానికి ముందు ఆటల పోటీలు పెట్టాం. సాయంత్రమైపోయింది, ట్రాకు గీతలకి తెచ్చిన సున్నం అయిపోయింది, నా బస్సు ఐదూ నలభైకి. ఏడో తరగతి వాళ్ళ వంద మీటర్లు మిగిలిపోయింది. ఆడపిల్లలకి ఒకసారి, మగపిల్లలకి ఒకసారి పరుగు పెట్టే టైము లేదు. ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు, ఆరుగుర్నీ ఒకే గీత మీద నిలబెట్టి విజిలేశాను. అందులో సిద్ధాంతం ఏమీ లేదండీ, బస్సు తప్పిపోతుందని. (నవ్వులు)

ఒక పిల్ల, పేరెందుకులెండి, పావడా అంచు ఎత్తి నడుంలో దోపుకుంది. రెండు జడలూ మడిచి రిబ్బన్లతో పైకి కట్టేసుంది. చెప్పుల్లేవు. ఆ నెర్రెల్ని ఎట్టా చూసుకుందో ఏమో, ఎక్కడా అడుగు తప్పలేదు. మూడు మూరల తేడాతో అందరికంటే ముందొచ్చింది. నా స్టాప్‌వాచీలో 15.1 సెకన్లు. రెండోవాడు మగపిల్లాడు, 15.3. వాడు వెళ్ళి వేపచెట్టు మొదట్లో కూచుని ఏడుపు.

మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. గొడవకొచ్చాడనుకున్నా. కాదు, పాపం, బతిమాలడానికొచ్చాడు. ‘‘మేడమ్ గారూ, ఆడపిల్ల చేతిలో ఓడిపోయాడని సెంటర్లో టీకొట్టు కాడ ఒకటే నవ్వులు. మావోడు చెప్పులేసుకుని పరిగెత్తాడని ఎక్కడన్నా రాయండి, చాలు’’ అన్నాడు. ఎక్కడ రాయాలో నాకూ తెలీలేదు. ఆ తర్వాత స్కూల్లో ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు, సర్టిఫికెట్లు విడగొట్టెయ్యండి అని. ఆ పిల్లకి ‘బాలికలలో ప్రథమ’, ఆ అబ్బాయికి ‘బాలురలో ప్రథమ’. అందరూ సంతోషం. నా దస్తూరి బాగుంటుందని స్కూలు సర్టిఫికెట్లన్నీ నాతోనే రాయించేవాళ్ళు. రెండోవాడికి ఫస్టు సర్టిఫికెట్టు నా చేత్తో నేనే రాశాను. అదొకటి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అసలు సంగతి ఇంకా ఉంది. నాకొక అలవాటు, ప్రతి పిల్ల టైమూ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. రెండేళ్ళ తర్వాత ఆ ఇద్దరూ తొమ్మిదో తరగతి. గ్రిగ్ పోటీలకి, అంటే స్కూళ్ళ మధ్య జరిగే ఆటల పోటీలకి, సెలక్షన్లు పెట్టాను. అబ్బాయి 13.2. అమ్మాయి 16.0.

మళ్ళీ వినండి. ఏడో తరగతిలో 15.1 పరిగెత్తిన పిల్ల, తొమ్మిదిలో 16.0. పొడుగు పెరిగింది, కాళ్ళు సాగాయి, పరుగు తగ్గింది. పక్కనున్న సైన్సు మేడమ్ ‘‘వయసొచ్చింది కదా, ఇంక అంతే’’ అంది. నేనూ ‘‘అంతేలే’’ అని బుక్కు మూసేశాను. ఒక పీఈటీని, బీపీఈడీ చదివినదాన్ని, అంతేలే అన్నాను.

ఇప్పుడు ఒంటి సంగతి దాచకుండా మాట్లాడుకుందాం. ఒంట్లో తేడా లేదని చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను. పది పదకొండేళ్ళ దాకా పరుగులో, దూకటంలో తేడా చాలా తక్కువ. పైగా ఎదుగుదల ఆడపిల్లలకి సుమారు రెండేళ్ళు ముందొస్తుంది. ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని ఎత్తు ప్రకారం లైనులో పెట్టి చూడండి, వెనకాల పొడుగ్గా నిలబడేది ఎవరో. అదే పిల్లల్ని పదో తరగతిలో నిలబెట్టండి, లైను తిరగబడుతుంది. పన్నెండు, పదమూడు దాటాక మగపిల్లల ఒంట్లో టెస్టోస్టిరాన్ పెరిగి కండ పడుతుంది, ఎముక బలుస్తుంది, రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది, గుండె పెద్దదవుతుంది. అది సాధనతో పూడ్చే తేడా కాదు. వంద మీటర్లలో మగవాళ్ళ ప్రపంచ రికార్డు 9.58, ఆడవాళ్ళది 10.49. లాంగ్ జంప్‌లో 8.95 మీటర్లు, 7.52 మీటర్లు. బరువులెత్తడంలో ఇంకా ఎక్కువ.

బరువులంటే గుర్తొచ్చింది. విజయవాడలో వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు గారి పేరు మీద ఇండోర్ స్టేడియమే ఉంది, మనది ఇనుప గుండ్ల దేశం. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం పిల్ల. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగు ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడాది. ఆ తరగతిలో స్వర్ణానికి ఎత్తింది 242.5 కిలోలు. అదే ఒలింపిక్స్‌లో మగవాళ్ళకీ 69 కిలోల తరగతి ఉంది, అక్కడ స్వర్ణం 357.5. ఒంటి బరువు ఒకటే, ఎత్తిన బరువులో 115 కిలోల తేడా. ఆడవాళ్ళకి వేరే గీత గీయకుండా ‘సమానత్వం, అందరూ కలిసి ఎత్తండి’ అని ఉంటే మల్లీశ్వరి పేరు మనకి తెలిసేదే కాదు. కాబట్టి విడిగా పోటీ పెట్టడం ఆడపిల్లని తక్కువ చెయ్యడం అని నన్ను ఎవరూ ఒప్పించలేరు.

మరి పేచీ ఎక్కడ? ఆ నోటుబుక్కు దగ్గర. నేను రిటైరయ్యాక ఒకరోజు దాన్ని తీసి లెక్కేశాను. 9.58కీ 10.49కీ తేడా తొమ్మిదిన్నర శాతం. సరే, పది వేసుకోండి. ప్రపంచంలో కెల్లా బాగా తిని, బాగా సాధన చేసిన ఆడమనిషికీ, మగమనిషికీ మధ్య ఒళ్ళు పెట్టిన తేడా అది. మా స్కూల్లో 13.2కీ 16.0కీ తేడా ఎంత? ఇరవై ఒక్క శాతం. ఒంటి లెక్క ప్రకారం ఆ పిల్ల పద్నాలుగున్నరలో రావాలి. మిగతా సెకనున్నర ఎవరిది?

ముందు వరసలో లెక్కల మాస్టారు నవ్వుతున్నారు. ఒక్క పిల్లతో లెక్క కట్టకూడదంటారు, నాకు తెలుసు మాస్టారూ. సరే, లెక్క వద్దు. ఆ పిల్ల తన పరుగు కంటే తనే వెనకబడిందే, దానికి టెస్టోస్టిరాన్ ఏం చేసింది చెప్పండి?

నేను చెప్తా ఏం జరిగిందో. ఎనిమిదో తరగతిలో పెద్దమనిషైంది. వీధి మొదట్లో బ్యానరు కట్టారు, ఊరంతటికీ భోజనాలు పెట్టారు, నేనూ వెళ్ళి అక్షింతలేసి వచ్చాను. తిరిగొచ్చాక ఆ పిల్ల డ్రిల్లు పీరియడుకి బయటికి రాలేదు. క్లాసులో కూచుని సైన్సు రికార్డులో బొమ్మలు వేసుకునేది. ఆడపిల్లలు చాలామంది అంతే, ‘కడుపునొప్పి మేడమ్’ అంటారు, మనం మళ్ళీ అడగం. జనవరి నుంచి మార్చి దాకా మిరపకోతలు, సగం రోజులు రానే రాదు. యూనిఫాం మారింది, పంజాబీ డ్రెస్సు, చున్నీ. సెలక్షను రోజు చున్నీకి రెండు భుజాల మీదా పిన్నులు పెట్టుకుని, అవి ఊడతాయేమోనని ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకుని పరిగెత్తింది. ఒంటిచేత్తో వంద మీటర్లు! పరుగంతా చేతుల ఊపులో ఉంటుందని పిల్లలకి రోజూ చెప్పేదాన్ని నేనే. ఆ చెయ్యి ఎందుకు కదలట్లేదో నేను చూళ్ళేదు. స్టాప్‌వాచీ చూస్తున్నా.

ఇంకోటి, మగవాళ్ళు ఇబ్బందిపడినా సరే చెప్తాను. చాలామంది ఆడపిల్లలు స్కూల్లో పొద్దుణ్ణించీ నీళ్ళు తాగరు. తాగితే బాత్రూముకి వెళ్ళాలి, ఆ బాత్రూముకి వెళ్ళలేరు కాబట్టి. గుంటూరు ఎండలో గొంతు తడవకుండా నాలుగింటిదాకా ఉన్న పిల్లని గీత మీద నిలబెట్టి, పక్కన చేతిపంపు కింద తల పెట్టి తాగొచ్చిన పిల్లాణ్ణి నిలబెట్టి, విజిలేసి, ‘చూశారా, ఒంట్లోనే తేడా ఉంది’ అంటున్నాం. రక్తం సంగతీ అంతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. అదే వయసు మగపిల్లల్లో 31. హిమోగ్లోబిన్‌లో ప్రకృతి పెట్టిన తేడా కొంత ఉందన్నాను కదా, సర్వే వాళ్ళు దానికి తగ్గట్టు ఆడపిల్లలకి గీత కిందికి దించే కొలుస్తారు. దించినా ఇంతమంది తక్కువలో ఉన్నారు. గుడ్డు ఎవరి కంచంలో పడుతోందో నేను ఊహించి చెప్పక్కర్లేదు, ఇక్కడ అమ్మలు ఉన్నారు.

(సభలో నుంచి ఒక తండ్రి: మగపిల్లలతో ఆడితే దెబ్బలు తగలవా మేడమ్?)

తగులుతాయి నాయనా. ఆడపిల్లలతో ఆడినా తగులుతాయి. నీ ప్రశ్న మంచిదే, ఏ ఆట అన్నది చూసుకోవాలి. కబడ్డీ ఎనిమిదో తరగతి దాటాక నేను కలిపి ఆడించను. అరవై కిలోల పిల్లాడు నలభై కిలోల పిల్లని పట్టి కింద పడేస్తే అది ఆట కాదు. రేపు ఎవరైనా ఉద్యమంగా వచ్చి అడిగినా నేను ఒప్పుకోను. కానీ ఖోఖో ఉంది. టెన్నికాయిట్ ఉంది, రింగు విసిరేది. మన జిల్లాల్లో దాన్ని ఆడపిల్లల ఆటని చేసి ఒక మూల పెట్టాం గానీ మగపిల్లల చేతికి ఆ రింగిచ్చి చూడండి, మణికట్టు తిప్పలేక పక్క క్లాసు కిటికీలోకి కొడతారు.

ఖోఖో సంగతి చెప్తా. ఒకసారి పిల్లలు తక్కువై, ఎనిమిదో తరగతిలో రెండు కలగలుపు టీములు కట్టాను. ఖోఖోలో రూలు మీకు తెలుసు, కూచున్నవాళ్ళని వెనకనించి చేత్తో తాకి ‘ఖో’ అనాలి. తాకకుండా అంటే ఫౌలు. మగపిల్లలు వీపు తాకడానికి సిగ్గుపడి, జానెడు దూరం నుంచే ‘ఖో, ఖో’ అని గాల్లో అరుస్తున్నారు. నేను ఫౌలు మీద ఫౌలు. వాళ్ళ టీము ఓడిపోతోంది. చివరికి కూచున్న ఒక పిల్ల వెనక్కి తిరిగి, ‘‘ఒరేయ్, ముట్టుకోకపోతే పాయింటు పోతోంది రా, కొట్టు వీపు మీద, చచ్చిపోనులే’’ అంది. (నవ్వులు) అప్పటి నుంచి చప్పుడయ్యేట్టు కొట్టుకున్నారు. ఆ పూట తర్వాత ఆ క్లాసులో ఎవరూ ఎవర్నీ చూసి మెలికలు తిరగడం నేను చూళ్ళేదు. బలం మగపిల్లలదే, కానీ స్తంభం దగ్గర తిరిగేటప్పుడు నడుం వంచి మలుపు తీసుకోవడం ఆడపిల్లలకి బాగా వచ్చింది. ఆ మలుపు చూసి వీళ్ళు నేర్చుకున్నారు, స్తంభం పట్టుకుని దూకే పోల్ డైవు వాళ్ళని చూసి ఆడపిల్లలు కొట్టారు. మోకాళ్ళు చీరుకుపోయాయనుకోండి, అది వేరే సంగతి.

నేను నమ్మేది ఇదే. పోటీ ఎప్పుడు విడగొట్టాలన్నది వయసునీ ఆటనీ బట్టి. సాధన మాత్రం విడగొట్టక్కర్లేదు. సింధు ఆడవాళ్ళతోనే మ్యాచి ఆడుతుంది, కానీ ప్రాక్టీసులో నెట్టుకి అవతల మగ ఆటగాళ్ళు ఉంటారు. ఆ స్మాష్ అలవాటైతే మామూలు స్మాష్ నెమ్మదిగా కనపడుతుంది. హర్యానాలోని రోహ్‌తక్‌లో షెఫాలీ వర్మ జుట్టు కత్తిరించుకుని మగపిల్లల మధ్య క్రికెట్ నేర్చుకుంది, అన్నకి ఒంట్లో బాగోలేకపోతే అతని బదులు వెళ్ళి ఆడొచ్చింది. 2025 నవంబరులో ప్రపంచ కప్పు ఫైనల్లో ఆ పిల్లే 87 పరుగులు కొట్టి, రెండు వికెట్లు తీసింది. ఆ టీములో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది. షెఫాలీ కథ అందరూ మెచ్చుకుంటూ చెప్తారు, నాకు మాత్రం కొంచెం కోపమొస్తుంది. జుట్టు ఎందుకు కత్తిరించుకోవాల్సొచ్చింది? జడతో వస్తే చేర్చుకోనన్నవాళ్ళ సంగతి ఎవరూ అడగరే?

కండతో పని లేని ఆటలూ ఉన్నాయి. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రైఫిల్ షూటింగు మగా ఆడా కలిపే ఉండేది. మార్గరెట్ మర్డాక్ అనే ఆవిడ, లానీ బాషమ్ అనే ఆయన, ఇద్దరూ అమెరికా వాళ్ళే, ఒకే స్కోరు. స్కోరు సమానమైతే తేల్చే రూలు ప్రకారం ఆయనకి స్వర్ణమిచ్చారు, ఆవిడకి రజతం. జాతీయ గీతం పాడేటప్పుడు ఆయన ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని పై మెట్టు మీదికి లాక్కుని పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ ఫొటో దొరికితే మీ పిల్లలకి చూపించండి. 1992 బార్సిలోనాలో స్కీట్ అని, గాల్లోకి ఎగిరే పెంకుల్ని కాల్చే పోటీ, అదీ కలిపే. చైనా అమ్మాయి జాంగ్ షాన్ మగవాళ్ళందర్నీ దాటి స్వర్ణం గెలిచింది. తర్వాత 1996 అట్లాంటాలో ఆ పోటీ మగవాళ్ళకి మాత్రమే. ఆడవాళ్ళ స్కీట్ అనేది 2000 దాకా లేదు. అంటే గెలిచిన మనిషికి తన పతకం కాపాడుకునే చోటే లేదు. మల్లీశ్వరికి వేరే గీత దారి ఇచ్చిందన్నాను, ఇక్కడ అదే గీత గోడైంది. గీత ఎవరి కోసం గీస్తున్నామో చూసుకోవాలి.

చదరంగం సరేసరి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 1999లో అహ్మదాబాద్‌లో ఆసియా యూత్ పోటీల్లో పన్నెండేళ్ళలోపు విభాగంలో మగపిల్లలతో కలిసి ఆడి గెలిచింది. 2002లో పదిహేనేళ్ళకి గ్రాండ్‌మాస్టరు, మగవాళ్ళకిచ్చే అదే టైటిలు. మన గుంటూరు ద్రోణవల్లి హారిక కూడా గ్రాండ్‌మాస్టరే, 2011లో. కృష్ణ ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు. ‘మరి చెస్‌లో కండ ఎందుకు, ఆడవాళ్ళకి వేరే టోర్నీలు ఎందుకు’ అని మొన్న మా మనవడు అడిగాడు. నేను వాణ్ణి వాళ్ళ కోచింగు సెంటరుకి తీసుకెళ్ళి తలలు లెక్కపెట్టమన్నాను. ఇరవై ముగ్గురు పిల్లలు, నలుగురు ఆడపిల్లలు. కండ లేకపోయినా అక్కడిదాకా తీసుకెళ్ళి దింపే నాన్న కావాలి కదా.

విజయవాడ జ్యోతి సురేఖ చిన్నప్పుడు కృష్ణ ఈదిన పిల్ల. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చింది, ఒంటరిగా ఒకటి, ఆడవాళ్ళ జట్టుతో ఒకటి, ఓజస్ దేవ్‌తళే అనే అబ్బాయితో కలిసి మిక్స్‌డ్‌లో ఒకటి. ఆ మిక్స్‌డ్ కాంపౌండ్ విలువిద్య 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోకి వస్తోంది. అబ్బాయితో కలిసి అన్న మాట ఇప్పుడు ఒలింపిక్స్ వాళ్ళే అంటున్నారు, మన స్కూళ్ళలో ఇంకా ‘కలిపి ఆడిస్తే ఎవరైనా ఏమన్నా అంటారేమో’ దగ్గరే ఉన్నాం.

పీఈటీలతో రెండు ముక్కలు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలు అండర్-14 నుంచే బాలురకీ బాలికలకీ విడివిడిగా ఉంటాయి, అది మన చేతిలో లేదు. స్కూలు లోపల ఏడో తరగతి దాకా మాత్రం మన చేతిలోనే ఉంది. ఒకే గీత మీద నిలబెట్టండి. ఎనిమిది నుంచి పరుగు విడగొట్టండి, వార్మప్పు విడగొట్టొద్దు. బంతులు ఐదుంటే ముందు మగపిల్లలు తీసుకుని, మిగిలింది, గాలిపోయింది, ఆడపిల్లలకి వస్తుంది. ఆ వరస ఒక్క నెల తిప్పి చూడండి. చున్నీ బదులు ట్రాక్ ప్యాంటు, టీషర్టు అని ఇంటికి చీటీ మీరే రాయండి, పిల్ల అడిగితే ఇంట్లో ఒప్పుకోరు.

అసలు గ్రౌండే లేనివాళ్ళ గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. ఆట స్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసుంది. మన గుంటూరు, విజయవాడల్లో అపార్టుమెంటు సెల్లారులో ప్రేయరు, టెర్రసు మీద యాన్యువల్ డే చేసే స్కూళ్ళు ఎన్ని ఉన్నాయో ఫీజులు కట్టే మీకే తెలుసు. అక్కడ ఒక్క విషయంలో సమానత్వం ఉంది, ఇద్దరూ ఆడరు.

ఆ పిల్ల ఏమైందని అడుగుతారు. పదో తరగతి పాసైంది, పెళ్ళైంది. మొన్నామధ్య బస్టాండులో కనపడింది, నేను గుర్తుపట్టలేదు, ఆమే పట్టింది. పక్కన కూతురు, ఆరో తరగతట. ‘‘మేడమ్, ఇది నాకంటే బాగా పరిగెత్తుద్ది’’ అంది. టైమెంతమ్మా అన్నాను. ‘‘ఎవరూ తీయలేదండీ’’ అంది.

సరే, టీ వస్తోందట. ఈలోపు ఒక పని ఉంది. బయట సున్నంతో అరవై మీటర్లకి గీత గీయించాను, ఆరు, ఏడు తరగతుల పిల్లలు పన్నెండు మంది ఎండలో నిలబడి ఉన్నారు. ఎవర్నీ విడగొట్టలేదు. ఆ అమ్మాయీ వచ్చింది, వాళ్ళమ్మ ఆ చివర వేపచెట్టు కింద ఉంది. మొదటి రెండు స్థానాలకి నా దగ్గర రెండే స్టాప్‌వాచీలు ఉన్నాయి. మూడో టైముకి ఎవరైనా ఫోను పట్టుకుని రండి. దెబ్బలు తగలవా అన్నావే నాయనా, నువ్వు రా. ముగింపు గీత దగ్గర నిలబడు, ఛాతీ గీత దాటినప్పుడు నొక్కాలి, కాలు దాటినప్పుడు కాదు.